తీర్థన్ నదిలో ట్రౌట్ గాలం: లీడర్, బరువు, ఈకలు – ప్రాజెక్టు డైరీ

పని పరిధి

హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కులో పుట్టి, గుశైని, నాగిని, బంజార్ వైపు దిగి, లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. ఇందులో ఎక్కువగా దొరికేది బ్రౌన్ ట్రౌట్. ఇది ఇక్కడ పుట్టిన చేప కాదు, కులూ లోయకు 1909లో తెచ్చి వదిలారు. నది నిండా పెద్ద పెద్ద బండలు. బండ వెనక రెండు మూడు మీటర్ల గుంట, దాని పక్కనే పరుగెత్తే పాయ, మళ్లీ ఇంకో బండ. నేరుగా సాగే పొడవాటి నీటి పట్టీ దాదాపు లేదు. ఈ డైరీలో మార్చిన ప్రతి వస్తువూ ఈ బండల వల్ల మార్చిందే.

చేయాల్సినవి మూడు:

1. తేలే ఫ్లైకి (ఫ్లై అంటే హుక్కు మీద ఈకలు, దారం చుట్టి చేసే నకిలీ పురుగు) చేత్తో ముడులేసిన సన్నబడే లీడర్, అంటే లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే నైలాన్ తీగ.
2. మునిగే ఫ్లైకి, అంటే నింఫ్‌కి, పొడవాటి సన్న లీడర్.
3. హైదరాబాద్, విజయవాడ లాంటి ఊళ్లలో దొరికే సామానుతో కట్టిన 24 ఫ్లైలు. హుక్కులు, పూసలు మాత్రం ఆన్‌లైన్‌లో కొన్నవే.

రాడ్ 9 అడుగులు, 5వ నంబరు లైన్. ఈ నంబరు బరువుకు గుర్తు: లైన్ ముందు భాగం 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు తూగుతుంది. ఫ్లై ఒక గ్రాము కూడా ఉండదు. మామూలు గాలంలో గుండు బరువు తీగను లాక్కుపోతుంది. ఇక్కడ లైన్ బరువే ఫ్లైని మోసుకుపోవాలి. లీడర్ మీద ఇంత పని పెట్టడానికి కారణం అదే.

అనుమతి హిమాచల్ మత్స్య శాఖ ఇస్తుంది. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ నీళ్లు మూసి ఉంటాయి, అది గుడ్లు పెట్టే కాలం. పర్మిట్ మీద రాసిన షరతులు చదివాకే పెట్టె సర్దుకోండి.

దశ 1: ముందు నీటిని కొలవడం

ఫ్లై ఏ రంగులో కట్టాలి అన్న ప్రశ్నతో మొదలుపెడితే సామాను వృథా. ముందు నాలుగు కొలతలు కావాలి.

1. ఉష్ణోగ్రత. గాజు థర్మామీటరుకు దారం కట్టి, నీడలో, పారే నీటిలో రెండు నిమిషాలు ఉంచాలి. ఎండ తగిలే ఒడ్డున తీసిన అంకె పనికిరాదు.
2. పై నీటి వేగం. ఒడ్డున 5 మీటర్లు టేపుతో గుర్తుపెట్టి, ఎండుటాకు వదిలి స్టాప్‌వాచ్ నొక్కాలి.
3. లోతు. 10 సెం.మీ.కి ఒక గీత గీసిన వెదురు కర్ర.
4. మట్టం. కదలని బండ మీద నీటి అంచున సుద్దముక్కతో గీత.

ఏప్రిల్‌లో ఉదయం 8–9 డిగ్రీలు, మధ్యాహ్నం 12–13 వచ్చింది. ట్రౌట్‌కి 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఆకలి బాగుంటుంది. 20 దాటితే దానికి కష్టకాలం. చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది: సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల నీరు లీటరుకు 11.3 మి.గ్రా. పట్టి ఉంచగలదు, 20 డిగ్రీల నీరు 9.1 మాత్రమే. ఎత్తుకు వెళ్లేకొద్దీ రెండూ తగ్గుతాయి. గోదావరిలో, కృష్ణలో ఈ చేప బతకకపోవడానికి మొదటి కారణం ఇదే. 8 డిగ్రీలు ఉన్న పొద్దున నీళ్లలో దిగి తొందరపడటం దండగ. 10 దాటే వరకు ముడులు సరిచూసుకోవడం మేలు.

వేగం: బండల మధ్య పాయలో సెకనుకు 1.2 మీ., గుంట అంచున 0.8 మీ. గుంట పొడవు 2.5 మీ., లోతు 80 సెం.మీ. మిగతా లెక్కంతా ఈ మూడు అంకెల మీదే నడిచింది: 2.5ని 0.8తో భాగిస్తే 3 సెకన్లు. ఫ్లై నీటిలో పడిన క్షణం నుంచి గుంట దాటిపోయే లోపు ఉన్న సమయం అంతే.

మట్టం గీతను మధ్యాహ్నం 3 తర్వాత మళ్లీ చూడాలి. పైన మంచు కరిగిన నీరు అప్పటికి చేరుతుంది. గీత 8–10 సెం.మీ. మునిగిందంటే పొద్దున దాటి వచ్చిన పాయను సాయంత్రం దాటలేకపోవచ్చు. మోకాలి పైకి నీరు వచ్చే చోట పాయ దాటకూడదని నియమం పెట్టుకున్నాం.

బియాస్ సంగతి వేరు. లార్జీ డ్యాం కింద నదిలోకి ఎవరూ దిగకండి. 2014 జూన్ 8న ఆ డ్యాం నుంచి వదిలిన నీళ్లు థలౌట్ దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులను తీసుకుపోయాయి. తీర్థన్‌కి వెళ్లే దారి ఆ ప్రాంతం మీదుగానే పోతుంది. నీళ్లు ఒడ్డు నుంచి మోకాలి లోతులా, నిదానంగా కనిపిస్తాయి. ఆ చూపును నమ్మవద్దు.

దశ 2: తేలే ఫ్లైకి లీడర్

లైన్ చివర దాదాపు 1 మి.మీ. మందం ఉంటుంది. ఫ్లైకి కట్టే కొస 0.18 మి.మీ. ఉండాలి. లైన్‌లోని ఊపు ఈ రెంటి మధ్య మెట్టు మెట్టుగా దిగితేనే ఫ్లై ముందుకు చాచుకుని పడుతుంది.

మొదటి నమూనా: 0.50, 0.35, 0.25, 0.18, అంటే నాలుగు ముక్కలు, మూడు ముడులు. పని తక్కువ అనిపించింది. రెండు చోట్ల చెడింది. 0.35, 0.25 కలిసే దగ్గర లీడర్ మడత బందులా విరిగి, కొస మొత్తం కుప్పగా పడింది. అదే ముడి తూకానికి కట్టి లాగితే జారింది. మందాల్లో తేడా 0.05 మి.మీ. దాటితే బ్లడ్ నాట్‌లో, అంటే రెండు తీగలను కలిపే ఈ ముడిలో, సన్న తీగ మందపు తీగను పట్టుకోలేదు.

రెండో నమూనా, ఇప్పుడు వాడుతున్నది. మందం, పొడవు, అక్కడికి మొత్తం:

1. 0.50 మి.మీ. – 85 సెం.మీ. (మొత్తం 85)
2. 0.45 – 45 (130)
3. 0.40 – 30 (160)
4. 0.35 – 20 (180)
5. 0.30 – 15 (195)
6. 0.25 – 15 (210)
7. 0.20 – 15 (225)
8. 0.18 – 55 (280)

పొడవులో దాదాపు 60 శాతం మందపు భాగం, కొంచెం మధ్య భాగం, 20 శాతం కొస. వరస ఇది. దుకాణాల్లో కొస మందాన్ని 4ఎక్స్, 5ఎక్స్ అంటారు. 11లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతులు వస్తాయి: 4ఎక్స్ అంటే 7 వంతులు, 0.178 మి.మీ.; 5ఎక్స్ అంటే 0.152.

కత్తిరించేటప్పుడు పై పొడవులే కోస్తే లీడర్ పొట్టిదైపోతుంది. ముడి పడే ప్రతి కొసకు 8 సెం.మీ. అదనంగా ఉంచాలి. ఎనిమిది ముక్కలకు ఏడు ముడులు, ముడి పడే కొసలు 14, అంటే 112 సెం.మీ. పైన లైన్‌కి తగిలించే ఉచ్చుకు 12. మొత్తం నైలాన్ 280 + 112 + 12 = 404 సెం.మీ.

మందపు భాగానికి మెత్తటి తంగూసు పనికిరాలేదు. వేలికి చుట్టి వదిలితే చప్పున నిటారుగా లేచే బిరుసు రకం కావాలి. కొసకు మాత్రం మెత్తనిదే మంచిది. అంటే ఒకే కంపెనీ తీగ ఎనిమిది మందాల్లో కొనడం కంటే, పైకి ఒక రకం, కిందికి ఒక రకం కొనాలి.

ముడి వేసే వరస:

1. రెండు కొసలు పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కటి ఐదు చుట్లు.
2. రెండు కొసలూ మధ్య సందులోంచి ఎదురెదురుగా దూర్చాలి.
3. ఉమ్మితో తడపాలి.
4. ఒక్క కుదుపుతో కాకుండా నిదానంగా, సమంగా లాగాలి.
5. చుట్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే కోసేసి మళ్లీ మొదటి నుంచి.

తడపడం ఆచారం కోసం కాదు. పొడి నైలాన్ బిగుసుకునేటప్పుడు రాపిడి వేడికి దెబ్బతింటుంది. సామాన్లు తూచే కొక్కెపు తూకానికి కట్టి లాగితే, 0.18 కొస మీద తడిపిన ముడులు 2.1 కిలోల దగ్గర, పొడివి 1.5 దగ్గర తెగాయి. చేపలు తెంపుకుపోయాయి అని చెప్పుకునే వాటిలో చాలా భాగం ఈ తేడాయే.

ఫ్లై మార్చిన ప్రతిసారీ కొస 10 సెం.మీ. తరుగుతుంది. 55 కాస్తా 35 అయ్యాక ఫ్లై నీటిని కొడుతూ పడుతుంది. అప్పుడు కొస భాగం ఒక్కటే మార్చాలి, సర్జన్స్ నాట్ (రెండు తీగలు కలిపి పట్టి ఒకే ఉచ్చులోంచి రెండుసార్లు దూర్చే ముడి) చాలు.

దశ 3: నింఫ్ – చివరి అర మీటరు కోసం

ఎక్కువ సమయం తిన్న దశ ఇది. ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి అడుగునే దొరుకుతుంది: మేఫ్లై పిల్లలు, రాతి పొళ్లతో గూడు కట్టుకునే కాడిస్ పురుగులు, స్టోన్‌ఫ్లై పిల్లలు. పిండి జల్లెడను నీటి వాలులో పట్టుకుని, దానికి ఎగువన అడుగు చదరం మేర రాళ్లను కాలితో కదిపితే అరనిమిషంలో ఏమున్నాయో తెలుస్తుంది. తెల్లటి పళ్లెంలో వంచి, పొడవు కొలిచి, మళ్లీ నదిలోనే వదిలేయాలి. దొరికినవి ఎక్కువగా 6–9 మి.మీ. గోధుమ రంగువి. కాబట్టి 14వ నంబరు హుక్కు. రంగు గురించి ఇంతకంటే ఆలోచించలేదు.

నెమలి పీచు, అడవి ఫెజెంట్ ఈకలు, జింక వెంట్రుకలు పాత ఫ్లై పద్ధతుల్లో విరివిగా కనిపిస్తాయి. మన దగ్గర అవి వన్యప్రాణి చట్టం పరిధిలోకి వస్తాయి. వాటి జోలికి పోలేదు, అవసరమూ పడలేదు. బదులు వాడినవి:

– టర్కీ కోడి తోక ఈక పీచు: ఒంటికి, తోకకు.
– మోటారు వైండింగ్ షాపులో దొరికే 38 గేజ్ రాగి తీగ, 0.15 మి.మీ. మందం.
– గొంగడి ఉన్ని, నల్లది, సబ్బుతో ఉతికింది.
– రంగులేని గోళ్లరంగు: తలముడికి.

నమూనా ఏ: ఇత్తడి పూస 2.8 మి.మీ., ఒళ్లంతా గొంగడి ఉన్ని. చేతిలో చూడ్డానికి అచ్చం పురుగే. నదిలో అడుగు తగిలిన దాఖలా లేదు. నీళ్లు నింపిన డ్రమ్ములో, 80 సెం.మీ. లోతుకు, కొస కట్టి వదిలి స్టాప్‌వాచ్‌తో చూస్తే 5 సెకన్లు పట్టింది. గుంటలో ఉన్నది 3 సెకన్లు. గొంగడి ఉన్ని బిరుసు, దాని వెంట్రుకలు నలువైపులా నిక్కి నీటిని పట్టి ఆపుతున్నాయి.

నమూనా బీ: అదే పూస, ఒంటికి టర్కీ పీచు, పైన రాగి తీగ, నున్నగా గోళ్లరంగు. 4 సెకన్లు. ఇంకా చాలదు.

నమూనా సీ: టంగ్‌స్టన్ పూస 2.8 మి.మీ., సన్న ఒళ్లు. 2.7 సెకన్లు. అడుగుకు చేరేసరికి గుంట అయిపోతోంది.

నమూనా డీ: టంగ్‌స్టన్ 3.3 మి.మీ. 2.1 సెకన్లు. చేప ముందు దాదాపు ఒక సెకను మిగులుతుంది.

అర మిల్లీమీటరుకు ఇంత తేడా ఎందుకంటే, బరువు వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది. 2.8 నుంచి 3.3కి వ్యాసం పెరిగింది 18 శాతం, బరువు 64 శాతం. ఇత్తడికీ టంగ్‌స్టన్‌కీ సాంద్రతలో రెట్టింపు పైనే తేడా. పూస ఖరీదు ఎక్కువే, కానీ డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. రాడ్‌లో కాస్త తగ్గించుకున్నా నష్టం లేదు. సీసం తీగ చుట్టి బరువు పెంచడం చవక మార్గం. తెగి అడుగున మిగిలిపోయే వస్తువు కాబట్టి సీసం వద్దనుకున్నాం.

ఇవి డ్రమ్ములోని నిలకడ నీటి అంకెలు. నదిలో సుడులు ఫ్లైని పైకి లేపుతాయి, అడుగున వేగం తక్కువ కావడం కొంత కలిసొస్తుంది. నమూనాలను ఒకదాంతో ఒకటి పోల్చడానికే వాడండి.

డీతో కొత్త చిక్కు వచ్చింది. అడుగు తగులుతోంది, దాంతో రాళ్ల సందుల్లో ఇరుక్కుంటోంది. మామూలు హుక్కు కొన కిందికి చూస్తూ ఈదుతుంది. కన్ను దగ్గర 60 డిగ్రీలు వంగిన జిగ్ హుక్కు, గాడి ఉన్న పూస వాడితే ఫ్లై తిరగబడి కొన పైకి వస్తుంది. ఇరుక్కోవడం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, పోదు కూడా. అడుగు అసలు తగలకుండా పోయే ఫ్లై చాలా పైనుంచి పోతున్నట్టే.

కట్టే వరస, చివరి రూపం:

1. హుక్కు కొన వెనకనున్న ఎదురుముల్లును చదును పట్టకారుతో నొక్కేయాలి. హుక్కు విరిగితే కట్టకముందే విరుగుతుంది.
2. పూసలోని గుండ్రటి చిన్న రంధ్రంలోంచి హుక్కు కొన దూర్చాలి, గాడి వెనక్కి ఉండాలి.
3. దారం వంపు దాకా ఒక్క వరస.
4. తోకకు నాలుగు పీచులు, హుక్కు కాడలో సగం పొడవు.
5. 12 సెం.మీ. రాగి తీగ, ఐదు టర్కీ పీచులు అక్కడే బిగించాలి.
6. పీచులు పూస దాకా చుట్టాలి.
7. రాగి తీగ ఎదురు దిశలో ఆరు చుట్లు.
8. పూస వెనక చిటికెడు గొంగడి ఉన్ని, అంతకు మించి వద్దు.
9. తలముడి, గోళ్లరంగు ఒక చుక్క.

ఏడో మెట్టు మీద పట్టు విడవకండి. పీచు చుట్టిన దిశలోనే తీగ చుడితే అది పీచుల మధ్య లోపలికి దిగిపోతుంది. ట్రౌట్ పళ్లకు ఒక్క పీచు తెగగానే ఒళ్లంతా ఊడిపోతుంది. ఎదురు దిశలో అయితే ప్రతి పీచునూ తీగ అడ్డంగా తొక్కి పట్టుకుంటుంది.

పెట్టెలో ఇప్పటికి: 3.3 టంగ్‌స్టన్ 8, 2.8 టంగ్‌స్టన్ 6, సన్న ఇత్తడివి 4. మొత్తం 18. ఇత్తడివి మోకాలి లోతు కూడా లేని అంచు నీళ్లకు.

నింఫ్ లీడర్

పై 280 సెం.మీ. లీడర్‌తో నింఫ్ వేస్తే మందపు భాగం పాయ మీద పడి ఫ్లైని లాక్కుపోయింది. బెండు కట్టి చూస్తే అదే గతి: బెండు పై నీటి వేగంతో పోతుంది, అడుగు నీరు అంత వేగంగా పోదు. రెండూ తీసేసి:

1. 0.35 మి.మీ. – 3 మీ. (మొత్తం 3.0)
2. మెరిసే రంగు నైలాన్ 0.25 – 50 సెం.మీ. (3.5)
3. 2 మి.మీ. స్టీలు రింగు
4. 0.15 మి.మీ. ఫ్లోరోకార్బన్ – 1.5 మీ. (5.0)

ఫ్లోరోకార్బన్ సాంద్రత 1.78, నైలాన్‌ది 1.14. అందుకే త్వరగా మునగడానికి అది, తేలే ఫ్లైకి ఇది. నీటిలోకి దిగేది 0.15 తీగ ఒక్కటే, మిగతాదంతా రాడ్ ఎత్తి గాలిలో ఉంచాలి. దూరం 5–7 మీటర్లు, అంతకు మించి ఈ నదిలో అవసరం లేదు. రంగు తీగను పక్కనున్న నురగ బుడగలతో పోల్చి చూడండి. బుడగల వేగంతోనే పోతుంటే ఫ్లై ఇంకా అడుగుకు చేరలేదు. వాటికంటే వెనకబడితే చేరింది. ఆగినా, పక్కకు జరిగినా రాడ్ లేపాలి. రాయే కావచ్చు, లేపి చూడటానికి ఖర్చేం లేదు.

దశ 4: తేలే ఫ్లై

నాటుకోడి మెడ ఈకలు ఈ పనికి పుట్టినట్టుంటాయి. ఎర్రటి డేగ పుంజు మెడ ఈక గోధుమ, ఎరుపు కలిసిన మేఫ్లై రంగుకు సరిపోతుంది. చికెన్ షాపులో తోలుతో సహా అడిగి తీసుకుని, కొవ్వు గీకి, ఉప్పు పట్టించి ఆరబెట్టాలి. ఆరాక ఈకలు గోరువెచ్చని సబ్బు నీటిలో కడిగి, సంచిలో కట్టి మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే పేలు, పురుగులు చస్తాయి.

ఈకలో కింది సగం మెత్తగా, సాలెగూడులా ఉంటుంది. అది నీరు పీల్చి ఫ్లైని ముంచుతుంది. పైన మెరిసే భాగమే వాడాలి. దాని పొడవు తక్కువ కాబట్టి ఒక్క ఈకతో చుట్లు చాలవు, రెండు పెట్టాలి. పీచు పొడవు హుక్కు నోటికి ఒకటిన్నర రెట్లు, 14వ నంబరుకు సుమారు 7 మి.మీ.

ఒంటికి మొదట ఉన్ని వాడితే గ్లాసు నీటిలోనే మునిగింది. పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక, సాంద్రత 0.91 దాకా. బియ్యం సంచి నుంచి లాగిన పోగును గోటితో సన్నగా చీల్చి చుట్టాం. రెక్కకు అదే పోగు, తెల్లది. పారే నీటి మీద కంటికి ఆనేది ఆ తెల్ల రెక్కే. తడవక ముందే సిలికాన్ జెల్ చిటికెడు రాయాలి. తడిశాక రాస్తే నీటిని లోపల పెట్టి మూసినట్టు.

తేలే ఫ్లైలు 6. పెట్టె మొత్తం 24.

నదిలో ఒక్క మార్పు చేయాల్సి వచ్చింది. లైన్ వేగపు పాయ మీద, ఫ్లై నిదానపు గుంటలో పడితే ఒక సెకనులో ఫ్లై గీత గీస్తూ లాగబడుతుంది. చేప దాన్ని వదిలేస్తుంది. కొసను 55 నుంచి 85 సెం.మీ.కి పెంచాం, లీడర్ మొత్తం 310. వదులు వంకరలు తిరిగి పడిన కొస సాగే వరకు ఫ్లై నీటితో పాటే పోతుంది, రెండు మూడు సెకన్లు దక్కుతాయి. ఎదురుగాలి ఉన్న మధ్యాహ్నాల్లో ఇది కుప్పపడుతుంది, అప్పుడు మళ్లీ 55. వెనక చెట్లు ఉన్నచోట తలమీదుగా విసరకుండా రోల్ కాస్ట్, అంటే లైన్‌ను వెనక్కి పోనివ్వకుండా చుట్టలా ముందుకు దొర్లించడం.

దశ 5: చేప చేతికొచ్చాక, సామాను

1. చేతులు తడపాలి. పొడి చేయి చేప ఒంటి జిగురు పొరను తీసేస్తుంది.
2. రబ్బరు వల, నీటిలోనే.
3. ఎదురుముల్లు నొక్కేసిన హుక్కును చిన్న పట్టకారుతో వెనక్కి తిప్పితే వచ్చేస్తుంది.
4. ఫొటో కోసమైనా నీటి బయట కొన్ని సెకన్లకు మించి వద్దు.
5. తల ఎగువకు పెట్టి, తనంతట తాను ఈదిపోయే దాకా పట్టుకోవాలి.
6. నీరు 18 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం గాలం మడిచేయాలి. ఆ వేడిలో పోరాడిన చేప వదిలినా బతకడం కష్టం.

బూట్లు, వల, రాడ్ అడుగు కడిగి, పూర్తిగా ఆరాక ఇంకో 48 గంటలు ఉంచి గానీ మరో నదిలో దింపకూడదు. నాచు, సూక్ష్మజీవులు తడి బట్టలో ప్రయాణిస్తాయి. ఫెల్ట్ అడుగు బూట్లు బండల మీద బాగా పట్టుకుంటాయి గానీ ఆరడానికి రోజులు పడతాయి. కొత్తవి రబ్బరు అడుగు, టంగ్‌స్టన్ మేకులతో తీసుకున్నాం.

తర్వాత మార్చబోయేది: రాడ్. 9 అడుగుల దానితో 3 మీటర్ల 0.35 తీగను గాలిలో ఎత్తి పట్టుకుంటే దాని బరువుకే మధ్యలో వంగి, రంగు తీగను రాడ్ వైపు లాగుతోంది. 10 అడుగుల 3వ నంబరు రాడ్, 0.35 బదులు 0.30 తీగ అనుకుంటున్నాం. అప్పుడు డ్రమ్ములో కాకుండా అదే గుంటలో, అదే 3.3 పూసతో మళ్లీ కొలవాలి.